పెరటిలో పొగడ

పూలమొక్కల మాట వచ్చినప్పుడల్లా మన ఇళ్ళలో మల్లె, జాజి, కనకాంబరం, మహా అయితే పారిజాతం, వీటి పేర్లే వినబడతాయి. చెట్టు అనదగ్గది ఒకటి పెరట్లో ఉండాలంటే కొబ్బరో, మామిడో, మునగో వేస్తాము. వీటిలో దేనినీ మేము తక్కువ చేయడం లేదు. కాని ఏ కాలంలోనూ మోడు కాకుండా, ఎండాకాలంలో నీడా పువ్వూ రెండూ ఇచ్చే చెట్టు ఒక్కటి చెప్పమని అడిగినవారికి మేము చెప్పే పేరు పొగడ.

ఇది పుస్తకం చూసి చెబుతున్న మాట కాదు. బెంగుళూరులో మా ఇంటి పెరట్లో ఒక పొగడచెట్టు ఉన్నది. 1981లో ఆషాఢంలో మా అమ్మ నాటింది. విత్తు మద్రాసులో మా పెద్దమ్మ ఇంటినుంచి వచ్చింది. పెద్దమ్మ పెరట్లో పెద్ద పొగడ ఉండేది. ఆ చెట్టుకింద రాలిన పండ్లు నాలుగు చీరకొంగులో ముడివేసుకుని, రాత్రి రైల్లో భద్రంగా పట్టుకువచ్చిందట. "బంగారం తెచ్చినా ఇంత జాగ్రత్త పడవు గదా" అని నాన్న ఎగతాళి చేశారని అమ్మ చెప్పుకుని నవ్వేది. నాలుగు విత్తుల్లో మొలిచినవి రెండు. ఒకటి కోడి గీరిపారేసింది. మిగిలినది ఇదే. 1994లో పెద్దమ్మగారి ఇల్లు పోయి ఆ స్థలంలో నాలుగంతస్తులు లేచాయి. తల్లిచెట్టు ఆనాడే పోయింది. కాబట్టి ఆ వంశానికి ఇప్పుడు మా చెట్టే దిక్కు.

ఈ చెట్టుకు మన తెలుగువాళ్ళు స్థిరపడిన చోటల్లా ఒక పేరున్నది. తమిళులు మగిళం అంటారు. కన్నడంలో బకుళ, రంజ అనే పేర్లతోపాటు పగడె మర అని కూడా అంటారు. మన పొగడకు అది చుట్టమేనని వింటేనే తెలుస్తున్నది. మహారాష్ట్రంలో బకుళ, ఒడిస్సాలో బౌళ. సంస్కృతంలో వకుళ. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు మిముసాప్స్ ఎలెంగి. ఇందులోని ఎలెంగి అన్నది మలయాళపు ఇలఞ్ఞికి మారురూపం. సోలాపురంలో ఉన్న మా పిన్ని అక్కడి పెళ్ళిళ్ళలో బకుళీ హారం అనే బంగారునగ చూసివచ్చి, "పొగడపూలు గుచ్చినట్టే చేశారే" అని మురిసిపోయింది. చెన్నపట్నంలో దీపావళికి మగిళంపూ మురుకులు చేయని ఇల్లు తక్కువ. పువ్వు ఆకారాన్నిబట్టే మురుకుకు ఆ పేరు. మురుకుల గొట్టంలో నక్షత్రపు బిళ్ళ వేసి వత్తుతూ కూడా, ఆ పువ్వు ఎలా ఉంటుందో చూడని పిల్లలు ఈనాడు చాలామంది ఉన్నారు.

పువ్వు చిన్నది, అర అంగుళం పైమాట. మీగడరంగు. సన్నని రేకలు రెండు మూడు వరసలుగా నక్షత్రంలాగ విచ్చుకుని ఉంటాయి. రాత్రి విరిసి తెల్లవారేసరికి నేలరాలుతుంది. రేకలన్నీ అడుగున కలిసే ఉంటాయి కనుక, రాలినప్పుడు ఒక్కొక్క రేకగా రాలకుండా పువ్వు మొత్తంగా రాలుతుంది. నడిమధ్య ఒక రంధ్రం ఉంటుంది. సూది అక్కరలేదు, అరటినారను ఆ రంధ్రంలోకి దూర్చుకుంటూ పోతే దండ అవుతుంది. నాలుగేళ్ళ పిల్లలు కూడా గుచ్చగలరు. మల్లెపూవు సాయంత్రం పెట్టుకుంటే తెల్లారేసరికి వాడి వాసన మారుతుంది. పొగడ వాడినా, ఎండినా, గోధుమరంగుకు తిరిగినా వాసన ఉంటూనే ఉంటుంది. అమ్మ ఎండిన దండలను పట్టుచీరల మడతలలో ఉంచేది. అమ్మ పోయి పదకొండేళ్ళు. ఆమె పెట్టె తెరిస్తే ఇప్పటికీ ముందు వచ్చేది ఆ వాసనే.

కావ్యాలవారికి పొగడ అంటే వేరే సరదా. సుందరి నోటితో మద్యం పుక్కిలించి చల్లితే పొగడ పూస్తుందని కవిసమయం. మా చెట్టుకు మేము పేడనీళ్ళు తప్ప మరొకటి పోయలేదు, అయినా పూసింది.

తిరువొత్తియూరు త్యాగరాజస్వామి కోవెలలో స్థలవృక్షం పొగడే. చెన్నపట్నంలో ఉన్న మనవాళ్ళు చాలామంది చూసే ఉంటారు. అక్కడ సుందరమూర్తి నాయనారు సంగిలిని పెళ్ళాడేటప్పుడు ఆమెను విడిచిపోనని ప్రమాణం చేయవలసి వచ్చింది. దేవుడి ఎదుట చేస్తే తప్పించుకోలేను గదా అని, ప్రమాణం చేసే కాసేపు గర్భగుడి వదిలి పొగడచెట్టు కిందికి వెళ్ళి ఉండమని శివుణ్ణి అడిగాడట. శివుడు సరేనన్నాడు. అని, సంగిలికి కలలో కనబడి, ప్రమాణం పొగడకిందనే చేయించుకొమ్మని చెప్పాడట! సుందరులు ఆ చెట్టుకిందనే ఒట్టు వేయవలసి వచ్చింది, ఆ తరువాత ఊరు దాటగానే కళ్ళు పోయాయి. అమ్మ ఈ కథను మా చెట్టుకింద కూర్చోబెట్టి చెప్పేది. మాలో ఎవరు అబద్ధమాడినా, "ఏదీ, పొగడ ముట్టుకుని చెప్పు" అనేది. నమ్మాళ్వారులకు వకుళాభరణులనే పేరు రావడానికీ ఈ పూలదండే కారణం.

ఇంక పెంచే సంగతికి వద్దాము.

విత్తు తాజాగా ఉండాలి. పండు పచ్చగా ఉండి, పండినప్పుడు నారింజరంగుకు తిరుగుతుంది. అంగుళం పొడుగు. లోపల పిండిపిండిగా వగరూ తీపీ కలిసిన గుజ్జు, మధ్య నున్నగా మెరిసే గోధుమరంగు గింజ. సపోటా గింజ చూసినవారికి ఈ గింజ చూడగానే చుట్టరికం తెలిసిపోతుంది. సపోటా, ఇప్ప, పొగడ ఒకే కుటుంబం. ఆకు తుంచితే పాలు వచ్చేదీ అందుకే. గుజ్జు బాగా కడిగివేసి, ఒక పగలూ ఒక రాత్రీ నీళ్ళలో నానవేసి, పైకి తేలిన గింజలు తీసివేసి, మునిగినవి నాటాలి. ఎండబెట్టి డబ్బాలో దాచుకుని వచ్చే సంవత్సరం వేద్దామనుకుంటే మొలకలు దక్కవు. మట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు సమంగా కలిపి, అర అంగుళం లోతున పెట్టి, తడి ఆరకుండా చూసుకోవాలి. ఇక్కడే ఓర్పు కావలసింది. కొన్ని మూడు నాలుగు వారాలకే మొలుస్తాయి, కొన్ని నెలల తరబడి పడుకుంటాయి. మొలవలేదని కుండీలో మట్టి పారబోసినవాళ్ళను మేమెరుగుదుము. మేమే ఒకసారి పారబోశాము, ఆ పారబోసిన చోట మొలిచింది.

మొదటి రెండేళ్ళు మొక్కకు నడినెత్తి ఎండ పడనివ్వకూడదు. నీడలో పుట్టి వెలుగులోకి ఎదిగే జాతి ఇది. మూరెడు ఎత్తు అయ్యాక వానలు మొదలయ్యే సమయంలో నేలలో నాటాలి. రెండడుగుల గొయ్యి తీసి, పైమట్టిని ఎరువుతో కలిపి నింపితే చాలు. ఎర్రనేలైనా, ఇసుకనేలైనా ఫరవాలేదు. సముద్రపుగాలికి కూడా తట్టుకుంటుంది కనుక యానాంలో, బరంపురం వైపున ఉన్నవారు సంశయించనక్కరలేదు. నీళ్ళు నిలిచే చోటు మాత్రం పనికిరాదు. ఇంటిగోడకు పదీ పన్నెండడుగులైనా ఎడం ఇవ్వండి. రావి, మర్రి వేళ్ళలాగ ఇది గోడలను చీల్చదు, కాని తల మాత్రం గుండ్రంగా, దట్టంగా అల్లుకుంటుంది. ఇరవై అడుగుల వెడల్పు దానికి లెక్కలోది కాదు. చెట్టు మొదట్లో సిమెంటు చేయించవద్దు. కనీసం మూడడుగుల నేల చుట్టూ వదలాలి. మన నగరాలలో ఎన్నో మంచి చెట్లు మెడకు సిమెంటు ఉరి బిగించుకుని నిలబడి ఉన్నాయి.

మొదటి రెండు మూడు వేసవులు నీళ్ళు తప్పకుండా పోయాలి. తరువాత అది తన నీళ్ళు తాను వెతుక్కుంటుంది. కొమ్మలు తెగ నరకవద్దు. మెల్లగా పెరిగే చెట్టు, గాయం పూడడానికీ మెల్లగానే పూడుతుంది. మనిషి తలకు తగలకుండా కింది కొమ్మలు ఏడాదికొకటి రెండు తీస్తే చక్కని గొడుగు తయారవుతుంది.

విత్తుచెట్టు పూయడానికి ఎన్నేళ్ళు? మాది తొమ్మిదో ఏట పూసింది. 1990 వేసవిలో ఒకనాటి తెల్లవారుజామున అమ్మ అరచేతిలో మూడు పూలు పెట్టుకుని వచ్చి, ఏమీ మాట్లాడకుండా నాన్న పక్కమీద ఉంచింది. ఇంత కాలం ఆగలేమనేవారు అంటు తొక్కిన మొక్కకోసం తోటలలో విచారించవచ్చు, త్వరగా పూస్తుంది. ఐతే కొనేటప్పుడు ఆకు చూసి కొనండి. మెరుస్తూ, అంచు అలలు తిరిగి ఉండాలి, తుంచితే పాలు కారాలి. మా మరదలు ఒక తోటలో పొగడ అని నమ్మించి అమ్మిన మొక్కను మూడేళ్ళు పెంచింది. అది అశోకమని పేరుపెట్టి గోడలపక్కన నిలువుగా పెంచే నరమామిడి అయింది.

ఈ చెట్టులో లోపాలు లేవా అంటే ఉన్నాయి. నిత్యం పచ్చగా ఉండే చెట్టంటే ఆకు రాలనిదని కాదు, అన్నీ ఒకేసారి రాలవు, అంతే. ఏడాది పొడుగునా రోజుకు కాసిని రాలుతూనే ఉంటాయి. చీపురు మూలన పెట్టే రోజంటూ ఉండదు. పండ్లకాలంలో నేల జిగటజిగటగా అవుతుంది. రాత్రిళ్ళు గబ్బిలాలు వచ్చి తిని, గింజలు ఎక్కడంటే అక్కడ వదులుతాయి. పక్కింటివారి కారుమీద పడ్డ మరకలకు మేము రెండుసార్లు క్షమాపణ చెప్పుకున్నాము, ఒకసారి కడిగిపెట్టాము కూడా. పంటిచిగుళ్ళకు పొగడబెరడు కషాయం మంచిదని మనవాళ్ళలో పాతకాలపు వాడుక. దానికోసమని అడిగినవారందరికీ బెరడు చెక్కి ఇస్తే చెట్టు బతకదు. చిగుళ్ళు నొస్తే దంతవైద్యుడి దగ్గరకే వెళ్ళమని చెబుతున్నాము.

సీమలో స్థిరపడ్డ మా మేనకోడలు వాళ్ళ ఇంటిముందు హాలీ అనే చెట్టున్నదని వ్రాసింది. చలికాలంలో చుట్టూ ఉన్న చెట్లన్నీ మోడులైతే అదొక్కటే ముళ్ళ ఆకులతో పచ్చగా, ఎర్రని కాయలతో నిలబడుతుందట. "మాది మూడేళ్ళనుంచి కాయడం లేదత్తా" అని ఫిర్యాదు. హాలీలో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. ఆడచెట్టే కాస్తుంది, అదీ దగ్గరలో మగచెట్టు ఉంటేనే. పొగడకు ఈ చిక్కు లేదు, ఒకే పువ్వులో రెండూ ఉంటాయి, ఒంటిచెట్టయినా కాస్తుంది. ఆ మాట వ్రాస్తే, "ఇక్కడి చలికి అది బతకదుగా" అని జవాబిచ్చింది. నిజమే. ఏ నేలకు ఆ చెట్టు.

ఆ మాటకు వస్తే 2016 డిసెంబరు 12న వర్ధా తుఫాను చెన్నపట్నంమీద పడ్డ మర్నాడు పెద్దమ్మ కొడుకు టెలిఫోనులో చెప్పినది గుర్తున్నది. వాళ్ళ వీధిలో ఎర్రతురాయిచెట్లు వేళ్ళతో సహా పడ్డాయట. అందంగా పూస్తాయనీ, త్వరగా పెరుగుతాయనీ పరదేశాలనుంచి తెచ్చి వీధుల్లో వేసిన చెట్లు అవి. వేప, పొగడ, పుంగు వంటి మన చెట్లు కూడా కొన్ని కొమ్మలు పోగొట్టుకున్నాయి, కాని వాళ్ళ వీధిలో పడినవి తక్కువ. మెల్లగా పెరిగిన చెక్క గట్టిది. పొగడకొయ్యమీద గొడ్డలి వేస్తే ఎదురుతంతుందని వడ్రంగులంటారు. "మా అమ్మ చెట్టు ఉండి ఉంటే నిలబడేది" అన్నాడు. తరువాత చాలాసేపు మాట్లాడలేదు.

ఇంత వ్రాయడానికి అసలు కారణం వేరు. నిరుడు మా చెట్టు పోవలసింది.

ఇల్లు పాతబడింది. తమ్ముడూ మేమూ చెరొక వాటాలో ఉన్నాము. పిల్లలు పెద్దవాళ్ళయారు, గదులు చాలవు. ఇల్లు పడగొట్టి కొత్తగా కట్టుకుందామని ఇద్దరమూ అనుకున్నదే. ఇంజనీరు గీసుకువచ్చిన ప్లానులో చెట్టున్న చోట కారుషెడ్డు ఉన్నది.

"చెట్టేదిరా?" అన్నాము.

"దాన్నెలా ఉంచడమక్కా? రెండు కార్లున్నాయి. కావాలంటే ఇంకో మొక్క కుండీలో పెట్టుకుందాం" అన్నాడు తమ్ముడు.

వాడిమీద కోపం తెచ్చుకోవడం సులువే. కాని వాడి లెక్క వాడిది, అప్పు తెచ్చి కడుతున్నవాడు వాడు. మాకు మాట పెగలలేదు. ఐతే సొంత పెరట్లోని చెట్టయినా మన ఇష్టం వచ్చినట్టు కొట్టడానికి లేదని చాలామందికి తెలియదు. కర్నాటకలో 1976నాటి వృక్షసంరక్షణ చట్టం ప్రకారం వృక్షాధికారి అనుమతి కావాలి. మహారాష్ట్ర నగరాలలోనూ 1975నాటినుంచి ఇటువంటి చట్టమే ఉన్నది. సోలాపురం, పూనా, బొంబాయిలలో ఉన్నవారు గమనించగలరు. తమ్ముడు అర్జీ వ్రాయించాడు. ఆ కాగితంమీద మా సంతకం కూడా కావలసి వచ్చింది. ఆ కాగితం మా బల్లమీద పద్దెనిమిది రోజులు ఉన్నది. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ తొందరపెట్టలేదు. భోజనాల దగ్గర మాత్రం మాటలు తగ్గిపోయాయి.

చివరకు తేల్చినది మరదలు. ఆమె చెట్టును గురించి మంచిగా ఎన్నడూ ఒక్క మాట అన్న మనిషి కాదు. రోజూ ఊడ్చేది ఆమే గనుక అనవలసిన మాటలు వేరే చాలా అన్నది. ఒకనాడు ప్లాను కాగితం తెచ్చి నేలమీద పరచి, "వదినా, కార్లు ముందుభాగంలోకి తెచ్చి, వంటిల్లు నాలుగడుగులు తగ్గిస్తే సరిపోతుంది. వంటింట్లో ఉండేది నేను గదా, నాకు చాలు" అన్నది. తమ్ముడు రెండు రోజులు ముభావంగా తిరిగి, మూడోనాడు ఇంజనీరుకు కబురుచేశాడు. అర్జీ వెళ్ళనే లేదు.

దానితో కథ ముగిసిందనుకోకండి. పునాదులు చెట్టుకు ఎనిమిదడుగుల దూరంలో పడ్డాయి. ఇల్లు కట్టే దగ్గర చెట్టున్నవారు ఈ నాలుగు మాటలూ జ్ఞాపకం ఉంచుకుంటే మేలు. జేసీబీ యంత్రంతో తవ్విస్తే వేళ్ళు పీకి చీలికలు చేస్తుంది; చెట్టు వైపున మాత్రం మనుషులచేత తవ్వించండి. బొటనవేలికన్న లావైన వేరు అడ్డువస్తే రంపంతో నున్నగా కోయించాలి, చీలిన వేరు కుళ్ళుతుంది. కోసిన వేళ్ళు ఎండకు ఆరిపోకుండా తడిపిన గోనెపట్టాలు కప్పాలి. సిమెంటూ సున్నమూ కలిపిన నీళ్ళు చెట్టు మొదటికి పారనివ్వకూడదు. ఇటుకలూ కంకరా దాని నీడలో పోయనివ్వకూడదు, మట్టి గట్టిపడి వేళ్ళకు గాలి ఆడదు. నీడ బాగున్నదని మేస్త్రీలు మొదట పోసేది అక్కడే! మేము రోజుకు రెండుసార్లు వెళ్ళి పోట్లాడవలసి వచ్చింది. అడ్డంగా ఉన్న రెండు కొమ్మలు తీయించక తప్పలేదు. వేళ్ళు పోయిన సంవత్సరం అంతకుమించి కొమ్మ తీయకూడదు, ఆకు ఉంటేనే కొత్త వేరు వస్తుంది.

ఇంత చేసినా నిరుడు వేసవిలో పునాది వైపు ఆకు సగం పసుపుబారి రాలింది. ఎప్పుడూ మోడు కాని చెట్టు ఒక పక్క ఆకాశం కనబడుతూ నిలబడితే చూడలేకపోయాము. తమ్ముడు ఎవరూ చెప్పకుండానే రాత్రిపూట గొట్టం పెట్టి వారానికి రెండుసార్లు నీళ్ళు వదిలేవాడు. పైపైన కాక, ఒక్కొక్కసారి నిదానంగా గంటసేపు, మూరెడు లోతు తడిసేలాగ. అలా వదిలితేనే ఫలం. శ్రావణంలో ఆ పక్క రాగిరంగు చిగురు కనబడింది. ఈ వేసవిలో పూత వచ్చింది. నిండుగా రాలేదు, రెండో పక్క మాత్రమే పూసింది. కొత్త ఇంటి గృహప్రవేశానికి దేవుడికి ఒక మూరెడు దండ కుదిరింది. కొత్త వేళ్ళు నిలదొక్కుకుని చెట్టు పూర్తిగా కోలుకున్నదని చెప్పడానికి ఇంకా రెండు మూడేళ్ళు పడుతుంది.

ఈలోగా మేము ఊరకే కూర్చోలేదు. అర్జీ బల్లమీద ఉన్న ఆ పద్దెనిమిది రోజులలోనే రాలిన పండ్లన్నీ ఏరి ముప్పై గింజలు నాటాము. పందొమ్మిది మొలిచాయి. ఒకటి పెద్దమ్మ కొడుక్కు చెన్నపట్నం పంపాము. వాళ్ళ అపార్టుమెంటు ముందర, తల్లిచెట్టు ఉన్న చోటికి ఇరవై అడుగుల దూరంలో, నలుగురినీ ఒప్పించి నాటాడు. ఒకటి సోలాపురం వెళ్ళింది. రెండు బరంపురంలో మా చిన్నాన్నగారింటికి. మూడు మరదలి పుట్టింటివాళ్ళు పట్టుకెళ్ళారు. అయిదు చచ్చిపోయాయి. తక్కిన ఏడూ గోడవార నీడలో, జానెడు ఎత్తున ఉన్నాయి. పెరడున్నవారు, తొమ్మిదేళ్ళు ఆగగలవారు వానలు పడగానే సంఘం కార్యాలయంలో అడిగి తీసుకోవచ్చు. సంచి మీరే తెచ్చుకోవాలి.